పచ్చసొనలు పారెయ్యలేక

జూన్ 2, సోమవారం

కంపెనీ నర్సమ్మ చెప్పింది కాబట్టి ఈ నోటుబుక్కు మొదలుపెడుతున్నాను. "తిన్నదల్లా రాయండి. రాసుకున్నవాళ్ళే తగ్గుతారు" అంది. తగ్గాల్సింది బావ. బావకి రాసే ఓపిక లేదు. అందుకని బావ తిన్నది నేను రాస్తాను. ఇది బావ తిండి పుస్తకం. నా సంగతులు ఇందులో ఉండవు.

ముందు ఈవేళ జరిగింది రాయాలి. మేం పనిచేసే ఇరవై నాలుగంతస్తుల మేడకి కొత్త భద్రతాధికారి వచ్చాడు. చేతిలో కొలతల టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకని వచ్చిన మూడో రోజుకే టేపు గారు అయిపోయాడు. ఈవేళ పొద్దున్నే డాబా మీదికొచ్చి, బయటి అద్దాలు తుడవడానికి మేం తాళ్ళ మీద దిగే తొట్టి చూశాడు. దాని మోటారు పక్కన ఒక రేకు ఉంది. పంతొమ్మిదేళ్ళుగా నేనూ బావా దాని మీద తడిగుడ్డలు ఆరేసుకుంటున్నాం. ఆయన గుడ్డ తీసి చదివాడు. ఇద్దరు మనుషులు, సామానుతో కలిపి 220 కిలోలు మించరాదని ఉంది. మేమూ ఇవాళే చదివాం.

తిన్నగా మమ్మల్ని నేలమాళిగలోకి, పార్సిళ్ళు తూచే కాటా దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దర్నీ ఒకేసారి ఎక్కించాడు. నీళ్ళ బకెట్లు, వైపర్లు, నడుం పట్టీలు అన్నీ ఎక్కించాడు. ముల్లు 231 దగ్గర ఆగింది.

"పదకొండు ఎక్కువ" అన్నాడు టేపు గారు.

"పంతొమ్మిదేళ్ళుగా తెగని తాడండీ" అన్నాడు బావ.

"తెగితే ఆ మాట చెప్పడానికి మీరుండరు."

జూలై 14 దాకా గడువిచ్చాడు. అంతదాకా పావు బకెట్టు నీళ్ళతో దిగాలి, ప్రతి సోమవారం కాటా ఎక్కాలి. ఆ రోజుకి 220 లోపు రాకపోతే మా జోడీ విడిపోతుంది. బరువైనవాడు కిందికెళ్ళి నేలమాళిగ వరండాలు తుడవాలి. తేలికైనవాడు ఇంకో కొత్త మనిషితో తొట్టిలో దిగాలి.

బరువైనవాడు అనగానే అందరం బావ పొట్ట వైపు చూశాం. బావ కూడా చూసుకున్నాడు.

అక్క మొగుడు కాబట్టి చెప్పకూడదు గానీ బావ నూట ఇరవై ఉంటాడు. నేను డెబ్బై ఎనిమిది. అక్క పెళ్ళినాడు తూచారు. సామాను ముప్ఫై. మొత్తం 228. మిగతా మూడూ బూట్లు అయ్యుండాలి.

బావ కిందికెళ్ళిపోతే ఇంకొకడితో దిగడం నాకేమీ కష్టం కాదు. బావకే కష్టం. పాపం, నాకు అలవాటుపడ్డాడు.

జూన్ 3

నర్సమ్మ సూత్రం చిన్నదే: మాంసకృత్తులు ఎక్కువ, కొవ్వు తక్కువ. కండ కరగదు, ఆకలి వెయ్యదు. మా జీతాలకి చవగ్గా ఉండాలి, వంటరాని నాకు తేలిగ్గా ఉండాలి. ఈ నాలుగూ ఒకచోట కుదరడం పెళ్ళి సంబంధం కుదరడం కన్నా కష్టం. నలభై ఆరేళ్ళు వచ్చినా నాకు ఆ రెండోది కుదరలేదు కాబట్టి తెలిసే చెబుతున్నాను.

అక్క చేతికి మాత్రం ఈ పని ఇవ్వకూడదు. అక్క వంటలో కూర కనపడాలంటే ముందు నూనె వంచుకోవాలి. నేనుండేది వాళ్ళ పై గదిలోనే. గ్యాస్ పొయ్యి ఉంది, గిన్నె ఉంది. బావ మధ్యాహ్నం డబ్బా ఇకనుంచి నా బాధ్యత.

జూన్ 4

గుడ్లకొట్టాయన దగ్గర చిట్లిన గుడ్లు సగం ధరకే దొరుకుతాయి. ఎనిమిది ఉడకబెట్టాను. కొవ్వంతా పచ్చసొనలో ఉంటుందట, తెల్లసొనలో ఉన్నది మాంసకృత్తులే.

బావ: తెల్లసొనలు ఎనిమిది, ఉప్పు.

డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు. "ఒరేయ్, దీని మధ్యలో ఏదో ఉండాలి కదరా?" అన్నాడు. మధ్యలో ఉన్నదే శత్రువని చెప్పాను.

పచ్చసొనలు ఎనిమిదీ ప్లేటులో మిగిలిపోయాయి. తిండి పారేస్తే కళ్ళు పోతాయనేది అమ్మ. మిరియాలపొడి చల్లి సర్దేశాను. బావ తిన్నది కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

జూన్ 5

అక్కతో గొడవ. నేను వద్దన్నా బావకి డబ్బా కట్టింది.

"నా మొగుడికి నేను పెట్టకూడదా? సబ్బుబిళ్ళల్లాంటి ఆ గుడ్డుముక్కలు తిని మనిషి బతుకుతాడా?"

"అక్కా, ఉద్యోగం పోతుందే."

"ఉద్యోగం పోతే ఇంకోటొస్తుంది. మొగుడు పోతే తెస్తావా?"

అక్కతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. డబ్బా తీసుకున్నాను. దారిలో బావ కంట పడకుండా నా సంచీలో దాచాను. మధ్యాహ్నం మెట్లచాటుకి వెళ్ళి ఖాళీ చేశాను. ఖాళీ డబ్బా చూసి అక్క సంతోషించింది. బావ ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

బావ: తెల్లసొనలు ఎనిమిది, ఉడికించిన శనగలు ఒక కప్పు.

జూన్ 9, సోమవారం

231.

కాటా పాతది. పైగా వారమే అయింది.

జూన్ 10

పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసేస్తే వెన్న తీసిన పాలే. కొట్లో ఆ పేరు రాసిన డబ్బాకి రెట్టింపు తీసుకుంటారు. మీగడ తియ్యడానికి అంత ధరేమిటో. ఆ పాలతో పెరుగు తోడుపెట్టాను. నీళ్ళలా ఉంది గానీ నర్సమ్మ భేష్ అంది.

బావ: ఆ పెరుగు అర లీటరు, శనగలు, తెల్లసొనలు ఆరు.

మీగడ: గిన్నెడు. బ్రెడ్డు మీద రాస్తే అంతా ఒకేసారి అయిపోయింది, నిలవుంచే బాధ తప్పింది.

జూన్ 12

చేప డబ్బాలు. నీళ్ళలో వేసినవి ప్రియం, నూనెలో వేసినవి చవక. నూనెలోవి కొని జల్లెట్లో వంచేస్తే సరి. బుర్ర ఉండాలి గానీ డబ్బెందుకు?

బావ: వంచిన చేప, నిమ్మరసం, కీరా ముక్కలు.

వంచిన నూనె మంచి వాసనేసింది. వేడన్నంలోకి.

జూన్ 16, సోమవారం

230 మీద ఒక గీత. అంటే అర కిలో తగ్గింది. రెండు వారాల కష్టానికి కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. బావ మాత్రం "చూశావా, కదిలింది!" అని కాటా మీదే గెంతబోతే టేపు గారు కేకలేశాడు.

జూన్ 17

పొరపాటు జరిగింది. వేరుశనగపప్పులో మాంసకృత్తులు బోలెడని గుడ్లకొట్టాయన చెబితే మూడు కిలోలు కొన్నాను. నర్సమ్మ చూసి తల పట్టుకుంది. "సగం నూనేనండీ అది! పిండితే కారుతుంది!" బావకి ఒక్క గింజ కూడా పెట్టొద్దంది. పెట్టలేదు. కొన్నవాణ్ణి నేను, నేనే అనుభవించాలి. జేబులో వేసుకుంటే పనిలో పని అవుతోంది.

బావ: తోలు తీసిన కోడి రొమ్ము ముక్క, ఉడికిన పెసలు.

తోలు: పెనం మీద పెడితే దాని నూనెలో అదే వేగింది. అక్క డబ్బాలో బంగాళాదుంపల వేపుడు.

జూన్ 19

ఇవాళ సోయా ముక్కలు నానబెట్టి, పిండి, ఉడికించి పెట్టాను. ఇంత చవగ్గా ఇన్ని మాంసకృత్తులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. తొట్టిని పదిహేడో అంతస్తు దగ్గర ఆపుకుని తిన్నాం. బావ ఒకటి నమిలాడు. ఆగి బకెట్లోకి చూశాడు.

"ఒరేయ్, మన స్పాంజీ ఎక్కడుంది?"

"బకెట్లోనే ఉంది బావా."

"రెండుండాలి కదా? రెండోది ఎక్కడుందో నాకు అనుమానంగా ఉంది."

అయినా అన్నీ తిన్నాడు. ఒక్కసారి కూడా వద్దనడు. ముఖం మాత్రం చేదుమందు తాగే పిల్లాడిలా పెడతాడు. ఈ మనిషికి ఉద్యోగం మీద ఇంత మమకారం ఉందని నాకు తెలీదు.

తింటున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. పైనుంచి కిందిదాకా అంతే. పక్కింటి కుక్క, అక్క కోపాలు, ఎదుటి మేడలో ఎవరు కునుకు తీస్తున్నారు, అన్నీ చెబుతాడు. నేను మొహం అద్దానికి పెట్టి ఊఁ కొడుతుంటాను. అతనికి భయం వెయ్యకుండా ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి కదా. పనిలో దృష్టి అద్దం మీదే ఉండాలన్నది మొదటి నుంచీ నా పద్ధతి. అటూ ఇటూ చూడడం, కిందికి చూడడం నాకు గిట్టవు.

జూన్ 20

బావ ప్యాంటు జారిపోతోంది, పురికొస కట్టుకున్నాడు. పాతదై సాగి ఉంటుంది. నా బెల్టేమో కుంచించుకుపోయింది. తోలు బెల్టుని ఎవరు ఉతికారో.

జూన్ 23, సోమవారం

231!

పెరిగింది. మూడు వారాలు గంజి నీళ్ళలాంటి పెరుగు తాగించి, స్పాంజీలు మింగించి, మళ్ళీ మొదటికే. టేపు గారు అంకె రాసుకుని, టేపు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

దిగి వస్తుంటే బావ తనే అన్నాడు: "నేనేం తినట్లేదురా, ఒట్టు." నేనింకా అడగనేలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

బావ చాటుగా తింటున్నాడు. ఇందులో సందేహం లేదు. ఎక్కడ తింటున్నాడో పట్టుకోవాలి.

జూన్ 25

పని అయ్యాక బావ "నువ్వు పద, నేనొస్తా" అన్నాడు. ఇలా రెండు వారాలుగా అంటున్నాడు, ఇవాళే గమనించాను. వెనకే వెళ్ళాను. లిఫ్టు ఎక్కలేదు, మెట్ల తలుపు తీసుకుని పైకి వెళ్ళాడు. నేనూ రెండంతస్తులు ఎక్కాను. ఆయాసం వచ్చింది, ఈ మధ్య మెట్లు ఎత్తు పెంచినట్టున్నారు. కిందికొచ్చి చివరి మెట్టు మీద కూచుని వేరుశనగపప్పు నములుతూ కాపు కాశాను.

ముప్పావు గంట తర్వాత దిగాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, మొహం ఎర్రగా ఉంది. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏంట్రా ఇక్కడ?"

"ఏం లేదు బావా. నువ్వెక్కడికెళ్ళావు?"

"ఊరికే. గాలికి."

గాలికి ఇరవై నాలుగంతస్తులు ఎవరైనా ఎక్కుతారా? పైన ఏదో తిండి దొరికే చోటు ఉంది. అంత చెమట పట్టిందంటే కారంగా ఉండేదే అయ్యుండాలి.

జూన్ 27

బావకి పంటి నొప్పి, పూట సెలవు. టేపు గారు నాకు జోడీగా కొత్తాయన్ని పంపాడు. నలభై ఏళ్ళవాడు, వైపరు కర్రకి చొక్కా తొడిగినట్టుంటాడు. సన్నాయన అంటున్నారు. మంచివాడే. నోరు విప్పడు.

ఒక అంతస్తు దిగాం. మోటారు శబ్దం బాగాలేదు. పైకి వచ్చేశాం.

జూన్ 28

మోటారు బానే ఉందట.

జూన్ 30, సోమవారం

230. బావ: చెప్పినవన్నీ. నేను మాటలు తగ్గించాను. నమ్మకద్రోహితో ఏం మాట్లాడతాం?

జూలై 7, సోమవారం

230 మీద ఒక గీత. ఇంక ఒక్క వారమే ఉంది.

టేపు గారు ఈసారి మెల్లిగా మాట్లాడాడు. "నాకు మీమీద పగేమీ లేదండీ. ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్ళాలనే నా ఏడుపు." వచ్చే సోమవారం నుంచి సన్నాయన్ని తొట్టిలో వేసినట్టే మాట్లాడాడు. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. బావ కోసమే. పొద్దున్నే తొట్టి ఎక్కి, మోటారు వెయ్యకుండా, ఐదు నిమిషాలు ఊరంతా చూస్తాడు. ఏం కనబడుతుందో ఏమో, రోజూ కొత్తగా చూస్తాడు. అలాంటివాణ్ణి కిటికీ లేని నేలమాళిగలో వేస్తే ఏమైపోతాడు?

రేపు నర్సమ్మ దగ్గరికి వెళ్ళి బావ సంగతి మొత్తం చెప్పేస్తాను.

జూలై 8

వెళ్ళాను. బావ దొంగతిండి గురించి చెప్పాను. నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మీరోసారి ఎక్కండి" అంది, తన గదిలో మనుషుల్ని తూచే యంత్రం చూపించి.

"నేనెందుకండీ? నేను డెబ్బై ఎనిమిది."

"ఎక్కండి చూద్దాం."

నూట ఒకటిన్నర.

దిగి మళ్ళీ ఎక్కాను. బూట్లు విప్పి ఎక్కాను. జేబులో పప్పు తీసి బల్ల మీద పెట్టి ఎక్కాను. యంత్రం పాడైందన్నాను. ఆవిడ ఎక్కి చూపించింది, సరిగానే ఉంది. తర్వాత ఈ నోటుబుక్కు తీసుకుని చదవడం మొదలుపెట్టింది. మొదట పెదవులు బిగబట్టింది. మీగడ దగ్గర దగ్గింది. కోడితోలు దగ్గర బల్ల మీద తల పెట్టేసింది, భుజాలు ఊగుతున్నాయి.

కళ్ళు తుడుచుకుని అంది: "ఇందులో ఇద్దరి తిండి ఉందండీ. మీ బావగారు తొమ్మిది కిలోలు తగ్గుంటారు. ఆయన దగ్గర తగ్గిందంతా మీ దగ్గరుంది."

జూలై 9

పుస్తకం మొదటి నుంచి చదివాను. రెండుసార్లు. ఆ మెట్లు.

జూలై 10

చెప్పేశాను. డాబా మీద, మధ్యాహ్నం తిండి వేళ. బావ శనగలు కలిపిన ఆ నీళ్ళపెరుగు తింటున్నాడు.

"కాటా తప్పు కాదు బావా. నువ్వూ తినలేదు. నేనే." పుస్తకం చేతికిచ్చాను.

వేలు పెట్టుకుని చదివాడు. నవ్వాడు, తొట్టి గొలుసులు గలగలలాడేలా నవ్వాడు. ఒకచోట ఠక్కున ఆగిపోయాడు.

"పదిహేడో తారీఖు మీ అక్క బంగాళాదుంపల వేపుడు పెట్టిందా?"

"పెట్టింది."

"కరకరలాడిందా?"

"లాడింది బావా."

చెంచాతో ఆ పెరుగుని అటూ ఇటూ కలిపాడు, తినలేదు.

"నువ్వు కిందికెళ్ళొద్దు" అన్నాను. "తప్పు నాది, నేనే వెళ్తాను."

"నేను కిందికెళ్తానని ఎవడేడ్చాడురా?" అన్నాడు బావ. ఇన్నేళ్ళలో మొదటిసారి కోప్పడ్డాడు. "నేను పోతే నువ్వు ఆ సన్నాయనతో ఎలా దిగుతావని కదరా నా బాధ! కళ్ళు మూసుకుని అద్దాలు తుడిచేవాడివి!"

"ఎవరు మూసుకున్నారు?"

"మొదటి రోజే చూశా. ఇరవై నాలుగో అంతస్తు నుంచి ఒకటో అంతస్తు దాకా కళ్ళు తెరవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఏదో ఒకటి వాగుతుంటే నీ చెయ్యి కదిలింది, ఆపితే ఆగింది. అప్పట్నుంచి వాగుతూనే ఉన్నా. నాకు మాత్రం ఎన్ని కబుర్లుంటాయిరా? పక్కింట్లో కుక్కే లేదు."

పక్కింట్లో కుక్క లేదు. నిజమే. నేనూ చూస్తూనే ఉన్నాను కదా, ఆ ఇంట్లో ఎప్పుడూ కుక్క లేదు.

"మరి నా వైపు అద్దాలు?" అన్నాను.

"నువ్వు అటు తిరగ్గానే నేనే మళ్ళీ తుడుస్తా."

ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఇందులో దాచడానికి ఏముంది? బావ తన డబ్బా నా ముందుకి తోశాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను అతన్ని మోస్తున్నాననుకున్నాను.

ఆ పెరుగు నిజంగానే ఘోరంగా ఉంది.

జూలై 11

నేను: తెల్లసొనలు ఆరు, శనగలు ఒక కప్పు, ఆ పెరుగు. పచ్చసొనలు అక్క తీసుకుంది. పని అయ్యాక మెట్లు. తొమ్మిదో అంతస్తులో కూలబడ్డాను. బావ పైదాకా వెళ్ళొచ్చి నన్ను లేపాడు.

జూలై 12

నేను: వంచిన చేప. ఆ నూనెని కళ్ళారా సింకులో పోశాను. అమ్మా, క్షమించు. మెట్లు: పదకొండు.

జూలై 13

నేను: స్పాంజీలు. బావ నా డబ్బాలోకి తొంగి చూసి "ఆహా" అన్నాడు. అంత ఆనందంగా బావ ఈ మధ్య దేన్నీ చూడలేదు. మెట్లు: పద్నాలుగు.

జూలై 14, సోమవారం

226 మీద ఒక గీత. వారంలో నాలుగు కిలోలు. వంద గ్రాములు కలిసొస్తాయేమోనని బావ జుట్టు కత్తిరించుకొచ్చాడు. ఐనా ఆరున్నర ఎక్కువ.

టేపు గారు నిట్టూర్చాడు. "ఒకరు దిగాలండీ" అంటూ అలవాటుకొద్దీ బావ వైపు చూశాడు. చూసి ఆగిపోయాడు. బావ పొట్ట ఉండాల్సిన చోట చొక్కా వేలాడుతోంది.

"బరువు నాదండీ" అన్నాను.

ఒక్కొక్కర్నీ తూచాడు. బావ తొంభై ఎనిమిది. నేను తొంభై ఎనిమిదిన్నర. అర కిలో తేడాతో నేను ఓడిపోయాను. పోటీలో ఓడిపోయి ఇంత హాయిగా అనిపించడం నాకు కొత్త.

టేపు గారు మంచివాడే. కాగితం మీద లెక్క వేసుకుని అన్నాడు: "తగ్గడం మొదలైంది కదా. ఇంకో ఆరు వారాలు కింద పని చేసుకుంటూ తగ్గండి. మళ్ళీ మీ జోడీనే పైకి పంపిస్తా."

"ఐతే అంతదాకా నేనూ కిందే ఉంటానండీ" అన్నాడు బావ వెంటనే. "వరండాలు ఇద్దరం తుడుస్తాం."

ఇద్దరూ నా వైపు చూశారు. ఊఁ అంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి. ఆరు వారాలు తెల్లసొనలు, ఆ తర్వాత మళ్ళీ తొట్టి, మళ్ళీ బావ వాగుడు. నాకు మటుకు అది చాలా సుఖం. బావకే, పొద్దున్నే చూసుకోవడానికి ఊరుండదు.

"వద్దండీ" అన్నాను. "బావ పైనే ఉండాలి. నేను ఇంక ఎక్కను. నాకు ఎత్తంటే భయం."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

టేపు గారి చేతిలో టేపు చటుక్కున లోపలికి చుట్టుకుపోయింది. "మరి పంతొమ్మిదేళ్ళు ఇరవై నాలుగంతస్తులు ఎలా దిగారండీ?"

"బావ ఉన్నాడండీ."

బావ బకెట్లోకి చూస్తూ నిలబడ్డాడు. పార్సిల్ కుర్రాళ్ళు వచ్చి కాటా ఖాళీ చెయ్యమనేదాకా అలాగే ఉన్నాం.

కాటా దిగాక టేపు గారు వెనక్కి పిలిచాడు. "లోపలి అద్దాలు తుడిచే మనిషి కావాలని అన్ని అంతస్తులవాళ్ళూ ఆర్నెల్లుగా ప్రాణం తీస్తున్నారు. నేల మీద నిలబడే పనే. ఎంత బరువున్నా పర్వాలేదు. చేస్తారా?"

జూలై 16

పొద్దున్న ఇరవై నాలుగో అంతస్తు. కాళ్ళ కింద తివాచీ. బకెట్టు నిండా నీళ్ళు.

అద్దం ముందు నిలబడి కళ్ళు తెరిచాను. కిందికి చూశాను. రోడ్డు ఇంత సన్నగా ఉంటుందా? బస్సుల పైకప్పులు అంత మురికిగా ఉంటాయని ఎవరూ నాకు చెప్పలేదు. దూరంగా నీళ్ళేవో మెరుస్తున్నాయి, ఊళ్ళో నది ఉందని తెలుసు గానీ అన్ని వంపులున్నాయని తెలీదు. చాలాసేపు చూశాను. బావ రోజూ చూసేది ఇదన్నమాట.

కాసేపటికి పైనుంచి తొట్టి దిగింది. ముందు బూట్లు, తర్వాత పురికొస కట్టిన ప్యాంటు, చివరికి బావ మొహం. ఆ కొసన సన్నాయన తన మానాన తాను తుడుచుకుంటున్నాడు. బావ నన్ను చూడగానే మొదలుపెట్టాడు. అద్దం దళసరిది, ఒక్క ముక్క వినపడలేదు. ఊఁ కొట్టాను. నేనూ ఏవో చెప్పాను. సన్నాయన మాత్రం బావకేసి ఓసారి, నాకేసి ఓసారి చూశాడు.

ఇరవై మూడో అంతస్తుకి నేను లిఫ్టులో, వాళ్ళు తొట్టిలో. అక్కడ బావ అద్దం మీద వేలితో టకటక కొట్టి ఒక మరక చూపించాడు. నీ వైపు ఉంది, తుడువు అని సైగ చేశాడు. తుడిచాను. పోలేదు. నీ వైపే ఉందని నేను సైగ చేశాను. కాదని తల ఊపాడు. మళ్ళీ తుడిచాను. మళ్ళీ కొట్టాడు. గది మధ్యలో బల్లల దగ్గరున్నవాళ్ళు పని మానేసి మమ్మల్నే చూస్తున్నారు.

మరక అతని వైపే ఉంది. ఎంతకీ ఒప్పుకోడు.